భక్తి పుస్తకాలు ఇరవై పేజీలు దాటడం లేదా? వేగం తగ్గించి చూడండి

వందనాలు బ్రదర్.

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీకు 34 ఏళ్ళు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడాదిలో బైబిలంతా పూర్తిచేసే ప్లాన్ మూడుసార్లు మొదలుపెట్టారు, మూడుసార్లూ లేవీయకాండంలో ఆగిపోయారు. ఎవరో చెబితే పాతకాలపు బిషప్ అగస్టీన్ ‘కన్ఫెషన్స్’, థామస్ ఎ కెంపిస్ ‘ఇమిటేషన్ ఆఫ్ క్రైస్ట్’, బాన్‌హోఫర్ ‘డిసైపుల్‌షిప్’ ఒకేసారి తెప్పించుకున్నారు. ఏదీ ఇరవై పేజీలు దాటలేదు. ఏది ముందు చదవాలి, ఎలా చదవాలి అని అడిగారు. “బైబిల్ ఉండగా మనుషులు రాసిన పుస్తకాలెందుకు” అంటున్న మీ పాస్టర్ గారికి ఏం చెప్పాలో కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు. ఆ మూడూ పక్కన పెట్టి, ఫ్రాన్స్ మఠంలో వంటపని చేసిన సన్యాసి బ్రదర్ లారెన్స్ చిన్న పుస్తకంతో మొదలుపెట్టండి. రోజుకు ఒక పేజీకి మించి చదవద్దు. బైబిల్ ప్లాన్ ఆపేసి బైబిల్లోని కీర్తనల గ్రంథం నుంచి వారానికి ఒక్క కీర్తన తీసుకోండి, దాన్నే ఏడు రోజులూ పైకి చదవండి. అగస్టీన్ దగ్గరికి ఆరు నెలలాగి వెళ్దురుగాని. పాస్టర్ గారి మాటలో సగం నిజముంది, దాని సంగతి చివర్లో చెబుతాను.

నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. బైబిల్ కాలేజీ పట్టా ఏదీ లేదు. మా చర్చి వెనక గదిలో ఇరవై రెండేళ్ళుగా శుక్రవారం సాయంత్రాలు కొందరం కూర్చుని ఇలాంటి పుస్తకాలు చదువుతున్నాం. జనవరిలో ముప్పై మందితో మొదలై, ఎండాకాలానికి ఏడుగురం మిగిలిన ఏళ్ళు కూడా ఉన్నాయి. అంచేత జనం ఎక్కడ ఆగిపోతారో, ఎందుకు ఆగిపోతారో దగ్గరగా చూశాను.

మీరు రాసినదాంట్లో నా కన్ను ఒక మాట దగ్గర ఆగింది. “పద్దెనిమిది రోజులు వెనకబడిపోయాను” అన్నారు. ఎవరికంటే వెనకబడ్డారు? ఫోన్లో ఉన్న యాప్ కంటే. మనం పరీక్షలు రాసి రాసి పెరిగినవాళ్ళం కదా, ఏ పుస్తకం పట్టినా సిలబస్ అయిందా లేదా అన్నదే మనసులో తిరుగుతుంది. రోజుకు నాలుగు అధ్యాయాలు, టిక్కు, మళ్ళీ నాలుగు అధ్యాయాలు. బైబిలంతా ఒక చుట్టు చదవడం మంచిదే, నేనూ చదివాను. కానీ అది ఊరంతా బస్సులో తిరిగి చూడటం లాంటిది. భక్తి పఠనమంటే అందులో ఒక ఇంటి అరుగు మీద కూర్చోవడం. మీరు బస్సులోంచి దిగకుండానే ఆ ఇంటివాళ్ళు పలకరించలేదని బాధపడుతున్నారు.

ఈ తేడా కొత్తగా కనిపెట్టిందేం కాదు. 12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో, ఆల్ప్స్ కొండల మధ్య ఉన్న ఒక మఠానికి గిగో అనే సన్యాసి పెద్దగా ఉండేవాడు. ఆ పేరుతో ఆయన రెండోవాడు కాబట్టి రెండో గిగో అంటారు. ఆయన రాసిన చిన్న ఉత్తరమొకటి నిచ్చెన పేరుతో ప్రసిద్ధమైంది. అందులో నాలుగు మెట్లు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, చివరికి దేవుని ఎదుట ఊరికే ఉండటం. వాటిని ఆయన భోజనంతో పోలుస్తాడు. చదవడమంటే ముద్ద నోట్లో పెట్టుకోవడం. ధ్యానమంటే దాన్ని నమలడం. ప్రార్థనంటే రుచి తీయడం. నాలుగోది ఆ తీపే. మీరు మొదటి మెట్టు మీదే నిలబడి ముద్ద మీద ముద్ద పెట్టుకుంటున్నారు బ్రదర్. పొలమారడంలో వింతేముంది?

మొదటి కీర్తనలో “దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు” అని ఉంది కదా. అక్కడి హీబ్రూ క్రియ ‘హగా’. ధ్యానమనగానే మనకు కళ్ళు మూసుకుని నిశ్శబ్దంగా కూర్చున్న మనిషి గుర్తొస్తాడు. కానీ ఆ క్రియకు గొణుక్కోవడం, లోగొంతుతో పలకడం అనే అర్థం ఉంది. యెషయా 31వ అధ్యాయంలో సింహం తనకు దొరికిన వేట మీద గుర్రుమంటుంది చూడండి, అక్కడా ఇదే క్రియ. 38వ అధ్యాయంలో హిజ్కియా రాజు గువ్వలా మూలిగానంటాడు, అక్కడా ఇదే. అంటే అది నోటితో చేసే పని. పాతకాలంలో చదవడమంటే చాలావరకు పైకి చదవడమే. మిలాన్ బిషప్ ఆంబ్రోస్ పెదవి కదపకుండా కళ్ళతోనే చదువుతుండటం చూసి అగస్టీన్ వింతపడి, ఎందుకు అలా చదువుతున్నాడో కారణాలు ఊహిస్తాడు.

ఇవన్నీ నేను పుస్తకాల్లో చదవకముందే మా అమ్మ దగ్గర చూశాను. ఆమెకు అక్షరం రాదు. పల్నాడులో మా ఊరికి వారానికోసారి వచ్చే బైబిల్ ఉమన్ నోటితో చెబితే నోటితో నేర్చుకుంది. చేటలో బియ్యం చెరుగుతూ 103వ కీర్తన మొదలుపెట్టేది. “నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము, ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము” అనేదాకా వచ్చి, చేట ఆపేది. “ఎద్దు బతికింది. పెద్దోడికి జ్వరం దిగింది. బాయిలో నీళ్ళు ఉండాయి.” మళ్ళీ చేట ఆడేది. మట్టిబెడ్డ కనబడితే ఏరి పారేసి మళ్ళీ మొదటి వచనం. కొన్ని రోజులు మూడో వచనానికి పోయేదే కాదు. గిగో నాలుగు మెట్లు ఆ చేట పక్కనే ఉన్నాయని నాకు యాభై ఏళ్ళ వయసులో తెలిసింది.

కాబట్టి వారానికి ఒక కీర్తన అంటే ఇలా చేయండి. మొదటి రెండు రోజులు ఊరికే పైకి చదవండి, అర్థం గురించి కంగారు వద్దు. ఆ తర్వాత ఏ మాట దగ్గర నాలుక తట్టుకుంటే అక్కడ ఆగండి. ఆగి ఏం చేయాలో తెలియకపోతే జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ చెప్పిన ఉపాయం ఉంది. 1535లో ఆయనకు క్షవరం చేసే పీటర్ అనే మంగలి, ప్రార్థన ఎలా చేయాలి గురువుగారూ అని అడిగితే లూథర్ ఒక చిన్న పుస్తకమే రాసిచ్చాడు. ఒక వాక్యం తీసుకుని నాలుగు పేటల దండలా అల్లమన్నాడు: ఇది నాకేం నేర్పుతోంది, దీన్నిబట్టి దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏం ఒప్పుకోవాలి, ఏం అడగాలి. అందులోనే మంగలికి అర్థమయ్యే పోలిక ఒకటి ఇచ్చాడు. మంచి మంగలి కన్ను కత్తి మీదా వెంట్రుక మీదా ఉంచుతాడు, కబుర్లలో పడితే ఎదుటివాడి ముక్కో గొంతో తెగుతుంది, ప్రార్థనకూ అంత ధ్యాస కావాలి అని. (ఆ పీటరే అదే ఏడాది భోజనాల దగ్గర కత్తితో అల్లుణ్ణి పొడిచి చంపాడు. లూథర్ వాళ్ళు కల్పించుకోవడంతో మరణశిక్ష తప్పి దేశబహిష్కారంతో బయటపడ్డాడు. మంచి పుస్తకం చేతిలో ఉన్నంత మాత్రాన ఏమీ కాదనడానికి మా గుంపులో ఈ కథ తరచూ చెప్పుకుంటాం.)

ఇక బ్రదర్ లారెన్స్. ఈయనతోనే ఎందుకు మొదలుపెట్టమన్నానో చెబుతాను. అసలు పేరు నికొలా ఎర్మాన్, ఫ్రాన్స్ పక్క లొరేన్ ప్రాంతం వాడు. సైనికుడిగా యుద్ధంలో గాయపడి కుంటివాడయ్యాడు. తర్వాత పారిస్‌లో కార్మెలైట్ మఠంలో చేరితే వంటింట్లో వేశారు. వంటంటే ఆయనకు సహజంగా అయిష్టం. పదిహేనేళ్ళు ఆ పనే చేశాడు. ఆ తర్వాత చెప్పులు బాగుచేసే పని. 1691లో చనిపోయాడు. ఆయన పుస్తకమేదీ రాయలేదు. ఆయనతో జరిగిన సంభాషణలు, ఆయన ఉత్తరాలు ఒక ఫాదర్ పోగుచేసి అచ్చువేశాడు. అదే ‘ప్రాక్టీస్ ఆఫ్ ది ప్రెజెన్స్ ఆఫ్ గాడ్’. గంటన్నరలో అయిపోయేంత పుస్తకం. మీరు మాత్రం గంటన్నరలో చదవద్దు.

ఆయన చెప్పేది ఒక్కటే మాట. ప్రార్థన సమయం వేరు, పని సమయం వేరు కాదు. వంటింటి గోలలో నలుగురూ నాలుగు రకాలుగా కేకలేస్తున్నా, మోకాళ్ళ మీద ఉన్నప్పటి నెమ్మదే నాకుంటుంది అంటాడు. పెనం మీద ఆమ్లెట్ తిప్పడం కూడా దేవుని మీది ప్రేమతోనే అంటాడు. ఒకసారి ఆయన్ని ద్రాక్షారసం కొనుక్కురమ్మని బర్గండీ పంపారు. బేరసారాలు చేతకావు, పడవలో నడవడానికి కాలు సహకరించదు, పీపాల మీద దొర్లుకుంటూ కదలాల్సి వచ్చింది. ఆ పని కూడా “ఇది మీ పనే ప్రభువా” అని అప్పగించి చేశాడట. పీపాల మీద దొర్లుతున్న ఆ కుంటి సన్యాసి నాకు చాలామంది మహా వేదాంతుల కంటే దగ్గరగా కనిపిస్తాడు.

మా గుంపులో హాస్టల్ మెస్‌లో వంటచేసే ఒకావిడ ఉండేది. పుస్తకం అయ్యాక ఆవిడ అన్నమాట: “బాగానే చెప్పాడమ్మా, కానీ రెండొందల మందికి వండేటప్పుడు దేవుణ్ణి తలుచుకుంటే పప్పు అడుగంటుద్ది.” అందరం నవ్వాం. రెండు నెలల తర్వాత ఆవిడే చెప్పింది. తలుచుకోవడం మానేసి ఒక్క పని చేస్తోందట. గిన్నె దించేటప్పుడల్లా “ప్రభువా” అని ఒక్కమాట. అంతే. లారెన్స్ చెప్పింది కూడా అదే, ఆవిడ మాకంటే బాగా పట్టుకుంది. మీకు గిన్నెలు లేకపోవచ్చు, మీటింగులుంటాయి. మీటింగ్‌లో జాయిన్ అవ్వడానికి నొక్కే ముందు ఆ ఒక్క క్షణం చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. చాలామంది ఈ పుస్తకం చదివి వారంలోనే మనశ్శాంతి వచ్చేస్తుందనుకుంటారు. ఆయన తన ఉత్తరంలోనే, మొదటి పదేళ్ళు చాలా బాధపడ్డానని రాశాడు. ఆ ఉత్తరం వదిలెయ్యకండి.

అగస్టీన్ దగ్గర ఎందుకు ఆగిపోయారంటే, అది ఆత్మకథ అనుకుని తెరిచారు. నేనూ అలాగే తెరిచాను, డిగ్రీ చదివే రోజుల్లో. కథ మొదలవుతుందేమోనని చూస్తుంటే ఈయన పేజీలకు పేజీలు దేవుణ్ణి ప్రశ్నలు అడుగుతుంటాడు. విసుగొచ్చి లైబ్రరీకి తిరిగిచ్చేశాను. చాలా ఏళ్ళకు తెలిసింది, ఆ పుస్తకం మనకు రాసింది కాదు. మొదటి పుట నుంచి చివరి పుట దాకా ‘నీవు’ అని దేవునితోనే మాట్లాడతాడు, మనం గుమ్మం దగ్గర నిలబడి వింటున్నవాళ్ళం. తెలుగువాడికి ఇది కొత్త కాకూడదు నిజానికి. రామదాసు చెరసాలలో రాముణ్ణి నిలదీసిన కీర్తనలు విన్న చెవులు మనవి. ఆ చెవితో వింటే అగస్టీన్ తెరుచుకుంటాడు.

ఆయన 354లో ఇప్పటి అల్జీరియాలో ఉన్న తగాస్తే అనే ఊళ్ళో పుట్టాడు, 430లో చనిపోయాడు. కన్ఫెషన్స్ రాసింది నలభై దాటాక, బిషప్ అయ్యాక. మొత్తం పదమూడు భాగాలు. మీకు నా సలహా: ఒకటి, రెండు చదివి, సరాసరి ఎనిమిదికి, తొమ్మిదికి వెళ్ళండి. ఆ తర్వాత పదోది, జ్ఞాపకశక్తి గురించి. పదకొండు కాలం గురించి, పన్నెండు, పదమూడు ఆదికాండం మొదటి అధ్యాయం మీద వ్యాఖ్యానం. ఆ చివరి మూడూ ఇప్పుడొద్దు. వరుసగా చదవాలని ఏ చట్టమూ లేదు.

రెండో భాగంలో దొంగతనం ఉంది. పదహారేళ్ళప్పుడు స్నేహితులతో కలిసి రాత్రిపూట ఎవరిదో చెట్టు దులిపి పియర్ పళ్ళు ఎత్తుకొచ్చారు. తినడానికి కాదు, రుచి చూసి పందులకు పారేశారు. దీని మీద ఆయన పేజీలకు పేజీలు తవ్వుతాడు. మా గుంపులో ఇది చదివినప్పుడు గవర్నమెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒకాయన విసుక్కున్నారు. “మామిడికాయలు దొంగతనం చెయ్యనోడు ఎవడండీ? దీనికింత రాద్ధాంతమా?” నిజమే కదా అనుకున్నాం. తర్వాతి శుక్రవారం ఆయన ముందుగా వచ్చి కూర్చున్నారు. అందరూ వచ్చాక చెప్పారు. ముప్పై ఏళ్ళ కిందట తోటి ఉద్యోగి బదిలీ అర్జీ తన టేబుల్ మీదుగా పోవాలి. దాన్ని సొరుగులో పెట్టేశారు, గడువు దాటేదాకా. “నాకు దాంతో లాభం లేదు. ఆయనంటే కోపం కూడా లేదు. ఎందుకు పెట్టానో ఇప్పటికీ తెలీదండీ.” గదిలో ఎవరూ మాట్లాడలేదు. అగస్టీన్ తవ్వుతున్నది సరిగ్గా అక్కడే. లాభం కోసం చేసిన తప్పు మనకు అర్థమవుతుంది. ఏ లాభమూ లేకుండా చేసింది ఎక్కడినుంచి వచ్చింది? పళ్ళు చిన్నవి కాబట్టే ఆ ప్రశ్న అంత స్పష్టంగా కనిపిస్తుంది.

ఎనిమిదో భాగంలో మిలాన్ తోట. 386లో. పక్కింట్లోంచి పిల్లల గొంతు “తీసి చదువు” అంటుంటే, పౌలు రోమీయులకు రాసిన పత్రిక తెరిచి 13వ అధ్యాయం చివరి మాటలు చదువుతాడు. అది అందరూ చెప్పే ఘట్టమే, నేను మళ్ళీ చెప్పను. నేను ఆగేది తొమ్మిదో భాగంలో, తల్లి మోనికా మరణం దగ్గర. ఊరికి తిరిగి వెళ్దామని ఓస్తియా రేవులో ఆగారు. జ్వరం వచ్చింది, తొమ్మిదో రోజుకి పోయింది, 56 ఏళ్ళ వయసులో. సొంత ఊళ్ళో భర్త పక్కన పూడ్చాలని జీవితమంతా కోరుకున్న మనిషి, చివరికి “ఈ శరీరాన్ని ఎక్కడైనా పెట్టండి, బలిపీఠం దగ్గర నన్ను తలుచుకోండి చాలు” అంది. సమాధి కార్యక్రమంలో అగస్టీన్ ఏడవలేదు. ఏడిస్తే విశ్వాసం లేనట్టు అవుతుందని పళ్ళ బిగువున ఆపుకున్నాడు. స్నానం చేస్తే దుఃఖం పోతుందన్నారని స్నానానికి వెళ్ళాడు, పోలేదు. నిద్రపోయి లేచాక, ఒంటరిగా, దేవుని ఎదుట ఏడ్చాడు. తల్లి కోసం గంటలో కొంత భాగం ఏడ్చానని ఎవరైనా తప్పుపడితే నన్ను చూసి నవ్వకండి అని రాసుకున్నాడు.

మా అమ్మ పోయినప్పుడు సంఘపెద్ద ఒకరు నా భుజం తట్టి, “ఏడవకమ్మా, ప్రభువు దగ్గరికే కదా వెళ్ళింది, సాక్ష్యం పాడవుతుంది” అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నేను మూడు రోజులు ఏడవలేదు. నాలుగో రోజు అటక మీది చేట దించితే అందులో రెండు వడ్లగింజలు అంటుకుని ఉన్నాయి. అప్పుడు గానీ ఏడుపు రాలేదు. అగస్టీన్ తొమ్మిదో భాగం నాకు తర్వాత పదేళ్ళకు చేతికొచ్చింది. అప్పుడే వచ్చి ఉంటే బాగుండేదనుకుంటాను.

అగస్టీన్‌ని మెచ్చుకున్నంత మాత్రాన ఆయన చెప్పినవన్నీ ఒప్పుకోనక్కర్లేదు. తనతో విభేదించిన డొనాటిస్టులు అనే ఉత్తరాఫ్రికా క్రైస్తవ వర్గాన్ని దారికి తేవడానికి ప్రభుత్వ బలం వాడటాన్ని చివరికి ఆయన సమర్థించాడు. అది నాకు మింగుడుపడదు.

థామస్ ఎ కెంపిస్ విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరిస్తాను. గొప్ప పుస్తకమే. 15వ శతాబ్దం మొదట్లో నెదర్లాండ్స్‌లో మఠంలో ఉండే సన్యాసుల కోసం రాసింది. మొదటి అధ్యాయంలోనే, పశ్చాత్తాపమంటే ఏమిటో నిర్వచనం చెప్పగలగడం కంటే పశ్చాత్తాపపడటమే నాకు ఇష్టం అంటాడు. వేదాంత చర్చల్లో మునిగి తేలేవాళ్ళకు ఆ ఒక్క మాట మందు. కానీ ‘నిన్ను నువ్వు తక్కువ చేసుకో, లోకాన్ని తోసిపుచ్చు’ అనే స్వరం పుస్తకమంతా ఉంటుంది. గర్వంతో ఉన్నవాడికి అది వైద్యం, అప్పటికే కుంగిపోయినవాడికి విషం. పోటీ పరీక్షలు వరుసగా తప్పిన ఒక కుర్రాడికి ఈ పుస్తకం నేనే ఇచ్చాను, బుద్ధితక్కువై. రెండు వారాల్లో ఇంట్లో మాట్లాడటం తగ్గించేశాడని వాళ్ళమ్మ వచ్చి చెప్పింది. పుస్తకం వెనక్కి తీసుకుని, అతన్ని డాక్టర్ దగ్గరికి పంపించాం. ఇప్పుడు బాగున్నాడు. మీ ఉత్తరంలో “నేను పనికిరానివాణ్ణేమో” అన్న మాట రెండుసార్లు వచ్చింది. అందుకే చెబుతున్నాను, కెంపిస్ ఇప్పుడు మీకొద్దు. ఆ మాట రోజూ వెంటాడుతుంటే పుస్తకాల సంగతి అలా ఉంచి, ఎవరితోనైనా మాట్లాడండి. డాక్టరైనా సరే.

బాన్‌హోఫర్‌లో మీరు కొన్నది పెద్దది, 1937లో వచ్చింది. ఆయన హిట్లర్ కాలపు జర్మన్ పాస్టర్. చౌక కృప గురించి, అంటే క్రీస్తును వెంబడించకుండానే క్షమాపణ కోరుకోవడం గురించి రాసిన మొదటి అధ్యాయం చదివి దాచుకోండి. మీకు ముందు కావలసింది ‘లైఫ్ టుగెదర్’, చిన్నది. ఫింకెన్‌వాల్డెలో ఆయన నడిపిన సెమినరీని నాజీ పోలీసులు మూయించాక, 1938లో నాలుగు వారాల్లో రాశాడు. ఆ సెమినరీలో ఒక నియమం ఉండేది. పొద్దున్నే అరగంట మౌనంగా ధ్యానం, వారమంతా ఒకే చిన్న వాక్యభాగం మీద. విద్యార్థులకు మొదట్లో నచ్చలేదు. నేను మీకు చెప్పిన వారానికొక కీర్తన పద్ధతి కొంత అక్కడి నుంచి తెచ్చుకున్నదే, కొంత మా అమ్మ చేట నుంచి.

రోజుకొక పేజీ ధ్యానాల పుస్తకాలు చాలవా అని అడిగారు. చాలామందికి చాలు. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో ‘ఎడారిలో సెలయేర్లు’ లేని ఇల్లు తక్కువ. దాన్ని 1925లో సంకలనం చేసిన లెట్టీ కౌమన్ భర్త గుండెజబ్బుతో ఏళ్ళ తరబడి మంచాన ఉన్నాడు. ఆవిడ ఆ మంచం పక్కన కూర్చుని చదివినవే చాలావరకు అందులో ఉన్నాయి. ఆ సంగతి తెలిశాక ఆ పేజీల బరువు మారుతుంది. ఇబ్బందల్లా అలాంటి పుస్తకాన్ని డిసెంబర్ 31 రాత్రి చర్చిలో కొత్త ఏడాదికని తీసే బైబిల్ వాక్యపు వాగ్దాన కార్డులా వాడటంలోనే. ఇవాళ్టి తేదీకి ఏమొచ్చిందో చూసి, ఫోటో తీసి, స్టేటస్ పెట్టి మూసేస్తాం. వాట్సాప్‌లో తిరిగే సూక్తుల సంగతీ అంతే. “సువార్త ప్రకటించండి, అవసరమైతే మాటలు వాడండి” అని అసీసీ సన్యాసి ఫ్రాన్సిస్ పేరుతో తిరిగేది ఆయన రాతల్లో ఎక్కడా లేదు. ఒక రచయితను ఒక వాక్యంతో పట్టుకోకండి.

ఇక మీ పాస్టర్ గారు. ఆయన భయపడుతున్నది నేనూ చూశాను. మా గుంపులో ఒకాయన మూడేళ్ళు పుస్తకాలు చదివి, బైబిల్ ముట్టుకోవడం మానేశాడు. బాన్‌హోఫర్ ఏమన్నాడో చెబుతాడు, మత్తయి ఏమన్నాడో చెప్పలేడు. అలా అయ్యేట్టయితే పాస్టర్ గారి మాటే నిజం. కానీ మిగతా సగం ఉంది. అపొస్తలుల కార్యాలు ఎనిమిదో అధ్యాయంలో ఐతియొపీయుడు యెషయా గ్రంథం చేతిలో పట్టుకునే, ఎవరూ దారి చూపకపోతే ఎలా అర్థమవుతుందని అడుగుతాడు. పౌలు మరణం దగ్గరపడ్డప్పుడు తిమోతికి రాసిన పత్రికలో, త్రోయలో వదిలొచ్చిన అంగీని, పుస్తకాలను, ముఖ్యంగా చర్మపు కాగితాలను తీసుకురమ్మంటాడు. చలికి అంగీ ఎంత అవసరమో పుస్తకాలూ అంత అవసరమైనట్టే ఉంది. పైగా ప్రతి ఆదివారం మనం పాడేది ఎవరు రాశారు? ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే పురుషోత్తమ చౌదరి గారి పాటలెన్ని ఉంటాయి, పైన రాగం, తాళం వేసి మరీ. అదీ ఒక మనిషి వాక్యాన్ని నమిలి రాసిందే. ఈ వాదన పాస్టర్ గారి ముందు పెట్టమనడం లేదు. వాదించి గెలిస్తే మీకు మిగిలేదేమీ లేదు. లారెన్స్ పుస్తకం ఒకటి ఆయనకివ్వండి, చదివి మీ అభిప్రాయం చెప్పండయ్యగారూ అనండి. మా పాత పాస్టర్ గారు అలా ఇచ్చిన పుస్తకాన్ని నాకు తిరిగివ్వలేదు.

చివరగా, లేవీయకాండం. దాని మీద కోపం పెట్టుకోకండి. మొదటి పేజీ నుంచి కాకుండా 19వ అధ్యాయం నుంచి ఎక్కండి, అక్కడ పొలం ఉంది, కూలి ఉంది, పక్కింటివాడు ఉన్నాడు. రెండేళ్ళ కిందట మేం ఆ అధ్యాయాన్ని వారమంతా పట్టుకున్నాం. శుక్రవారం పైకి చదువుతుంటే “కూలివాని కూలి మరునాటి వరకు నీయొద్ద ఉంచుకొనకూడదు” అన్న చోటికి వచ్చేసరికి, చిన్న చిన్న ఇళ్ళు కట్టించే ఒక బ్రదర్ జేబులోంచి ఫోన్ తీశారు. ఏదో మెసేజ్ చూసుకుంటున్నారేమో అనుకున్నాను. లేచి, “మేడమ్, ప్లాస్టింగ్ మేస్త్రీకి మూడు వారాలది ఉంది, ఫోన్ పే చేస్తే నెట్‌వర్క్ రావట్లేదు, ఇప్పుడే వస్తా” అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ముగింపు ప్రార్థన ఆయన లేకుండానే చేశాం.